మిర్చి ఏర వచ్చిన ఛత్తీస్‌గఢ్ పిల్లకు ఐదు రోజులసంది జరం. కార్డు లేదు, ఎటు తీస్కపోవాలె?

తేజ_మూడెకరాలు
మాది ములుగు జిల్లా, గోదారి దిక్కు. మూడెకరాల మిర్చి, అందుల రెండు కౌలు. సంక్రాంతి ఎల్లినంక బీజాపూర్ కెల్లి 18 మంది ఏరడానికి వచ్చిన్రు. చేన్లనే బరకాలు కట్టుకొని ఉంటున్నరు. అందుల ఒక పిల్ల, ఇరవై ఏండ్లుంటయేమో. ఐదు రోజులసంది రోజు తప్పిచ్చి రోజు పొద్దుగూకంగ వణుకు మొదలైతది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటయి. తెల్లారి ఏం కానట్టే లేచి సంచి నడుముకు కట్టుకొని సాళ్లల్లకు పోతది. ఊరి డాక్టరు రెండు సూదులేసిండు, ఒక గ్లూకోజు ఎక్కిచ్చిండు, 900 తీస్కున్నడు. తగ్గలె. నిన్న బండి మీద దవాఖానకు తీస్కపోతే మేం పోయేసరికి ఓపీ అయిపోయింది, ఆధార్ తెచ్చుకొని రేపు పొద్దున రమ్మన్నరు. ఆధార్ వాళ్లూర్ల ఇంట్ల ఉందట. వాళ్లను తెచ్చిన మేస్త్రీనేమో "రాసిపెట్టు పటేలా, ఆఖర్ల ఆమె లెక్కల కోస్త" అంటుండు. ఆమె లెక్కల కోసుడు నాకు మనసొప్పుతలేదు, నా జేబుల కెల్లి ఎంత దాకా పెట్టాలెనో అదీ తెలుస్తలేదు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

నెక్కొండ_నాగలి
మేస్త్రీకి అడ్వాన్సిచ్చి తెచ్చుకున్నవా? మరి మేస్త్రీ చూస్కోవాలె. నువ్వు నెత్తికెత్తుకుంటే రేపు 18 మందికీ నువ్వే దవాఖాన.

సబ్‌సెంటర్_అక్క
తమ్మీ, మిగతా ముచ్చట తర్వాత. ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చెయ్యి. ఏజెన్సీ ఊర్లల్ల ఆశాల దగ్గర మలేరియా కిట్టు ఉంటది. వేలికి గుచ్చి ఒక్క చుక్క రక్తం, 20 నిమిషాల్ల తెలుస్తది. ఆధార్ అక్కర్లేదు, పైసలక్కర్లేదు, ఆమెను బండెక్కించుడు కూడా అక్కర్లేదు. ఆశానే చేను కాడికి రమ్మను. రోజు తప్పిచ్చి రోజు వణుకు అంటే నాకు వంద శాతం అనుమానం అదే.

కైకిలి_లెక్క
"ఆమె లెక్కల కోస్త" అన్న మాట దగ్గరనే నా కన్ను ఆగింది. ఏరిన కిలోలకు కూలి. పండుకున్న రోజుకు కూలి లేదు. దవాఖానకు పోయిన రోజుకూ కూలి లేదు, పైన బండి ఖర్చు. అందుకే తెల్లారంగనే లేచి సంచి కట్టుకుంటది, జరం తగ్గి కాదు.

తేజ_మూడెకరాలు
@సబ్‌సెంటర్_అక్క ఆశాకు ఫోన్ చేసిన. మీటింగుల ఉందట, సాయంత్రం వస్తనన్నది. చూద్దాం.

సూది_మామ
ఆ 900 తీస్కున్నది నేను కాదు, ముందే చెప్తున్న, ఎవ్వలూ నా మీద పడొద్దు. కానీ ఇర్వై రెండేండ్లు ఊర్లల్ల తిరిగినోన్ని, ఒక మాటంట. రాత్రి తొమ్మిదింటికి వాగు దాటి బరకాల కాడికి టార్చిలైటు పట్టుకొని ఎవలొస్తరు? మేమే. ఉద్దెర ఎవలు పెడ్తరు? మేమే. ఏరుడు అయినంక చెప్పకుంట ఎల్లిపోతే ఆ ఉద్దెర ఎవల నెత్తిన? మా నెత్తిననే. అందరూ ఆర్‌ఎంపీని తిడ్తరు, అర్ధరాత్రి ఫోన్ మాత్రం ఆర్‌ఎంపీకే.

డ్యూటీ_డాక్టరమ్మ
మామా, రాత్రి వచ్చేది మీరే, అది ఒప్పుకుంటాను. గొడవ అక్కడ లేదు. వణుకుతో జ్వరం ఉన్న మనిషికి రక్తపరీక్ష లేకుండా రెండు సూదులు, ఒక సెలైన్. అందులో స్టెరాయిడ్ ఉంటే ఆ పూట హాయిగా ఉంటుంది, మీ మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. లోపల పురుగు అలాగే ఉంటుంది. ఫాల్సిపారం రకం మలేరియా అయితే మెదడుకు ఎక్కుతుంది, అప్పుడు ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు నూరు కిలోమీటర్ల పైన ఆ మనిషిని మోసుకు రావాలి. మా వార్డుకు అలా ఫిట్స్‌తో వచ్చినవాళ్లను చూశాను. వెంట వచ్చిన మేస్త్రీకి రోగి ఇంటిపేరు కూడా తెలియదు.

సూది_మామ
స్టెరాయిడ్ నేను ఎయ్య. కొందరేస్తరు, కాదన.

పరకాల_పత్తి
సందట్ల సందు, ఇయ్యాల ఏనుమాముల మార్కెట్ల తేజ మిర్చి రేటెంత నడుస్తుంది?

మోడరేటర్
రేట్ల థ్రెడ్ వేరే ఉంది. ఇక్కడ అడగొద్దు. మూడోసారి చెప్తున్నా.

పరకాల_పత్తి
తప్పైంది సార్. చేతి మంటల బుద్ధి పనిచేస్తలేదు.

తాడ్వాయి_కుర్రోడు
మేము కోయోళ్లం. బీజాపూర్ వాళ్ల మాట మాకు సగం అర్థమైతది, మా మాట వాళ్లకు ముప్పావు. నేను మొన్న ఇద్దర్ని తీస్కపోయిన దవాఖానకు. డాక్టరు సార్ తెలుగుల అడుగుతడు, మేస్త్రీ హిందీల చెప్తడు, అందుల ఒకామెకు హిందీ రాదు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి ఏదో చూపెడ్తుంటే మేస్త్రీ "గ్యాస్ సార్" అన్నడు. గ్యాస్ గోలీలు రాసిచ్చిన్రు. బయటికొచ్చినంక నేనడిగితే మూత్రం పోసేటప్పుడు మంట అంట, పది రోజులసంది. మొగోని ముంగట చెప్పలేక ఊకున్నది. మళ్ల లోపలికి తీస్కపోయి నేనే చెప్పిన. డాక్టరు తప్పు కాదు, సార్ మంచోడే. నడుమ మాట దారి తప్పుతుంది.

సబ్‌సెంటర్_అక్క
అయ్యో, గదే. మిర్చి చేన్ల పొద్దంత నీళ్లు తాగరు. తాగితే మళ్ల ఎటుపోవాలె, చుట్టూ మొగోళ్లు, చాటు లేదు. ఏరిన చేతులతోటే కడుక్కుంటే అదో మంట. ఎండకాలం వచ్చిందంటే ఆడోళ్లు సగం మంది ఇదే బాధతోని వస్తరు.

ఇంకోటి, @తేజ_మూడెకరాలు, ఆ పిల్ల పెండ్లైందా? నెల తప్పిందా అడిగిన్రా ఎవలన్న?

తేజ_మూడెకరాలు
పెండ్లైంది, మొగడు కూడా గుంపుల ఉన్నడు. రెండోది నేనెట్ల అడుగుత అక్కా.

సబ్‌సెంటర్_అక్క
నువ్వు అడగొద్దు. మీ ఇంట్ల ఆడోళ్లను అడగమను. ఇయ్యాలనే. గోలీలు మింగక ముందే తెల్వాలె.

డ్యూటీ_డాక్టరమ్మ
అక్క అడిగినది చాలా ముఖ్యం. వైవాక్స్ మలేరియా అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, దాంతో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తాం. కాలేయంలో దాక్కున్న పురుగు మళ్లీ లేవకుండా ఆ రెండోది. కానీ గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. ఎవరూ అడగకపోతే, ఆమె చెప్పకపోతే, మేస్త్రీ గ్యాస్ అంటే... అర్థమైంది కదా.

నెక్కొండ_నాగలి
అన్నీ బానే ఉన్నయి గని పైసలెవలు పెట్టాలె అన్న ప్రశ్నకు ఎవలు జవాబియ్యలె. మన కౌలు రైతుకే దిక్కు లేదు. మందుల షాపోడి వడ్డీ కట్టలేక సచ్చిపోతున్నం, ఇప్పుడు కూలోళ్ల దవాఖాన కూడా మనమేనా? వాళ్ల సర్కారు లేదా?

ఫైలు_నంబర్_17
ఉంది. ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబర్‌లో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. వేరే రాష్ట్రం కార్డు ఉన్నా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో ఇక్కడే వాడుకోవచ్చు. మన ఆరోగ్యశ్రీ వాళ్లకు రాదు, అది ఇక్కడి రేషన్ కార్డువాళ్లకే. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచారు గానీ ఆ పది లక్షల్లో పది రూపాయలు కూడా బీజాపూర్ మనిషికి చెందవు. ఇక ఆయుష్మాన్‌లో ఒక మెలిక ఉంది. అడ్మిట్ అయితేనే. ఓపీలో జ్వరం చూపించుకుంటే, బయట రక్తపరీక్ష చేయించుకుంటే పైసా రాదు. కూలీలకు వచ్చేవి చాలావరకు అడ్మిట్ కాని రోగాలే.

చట్టం సంగతికొస్తే, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే చేశారు. ఐదుగురూ అంతకు మించి పక్క రాష్ట్రం వాళ్లను తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ఉచితంగా వైద్యం చూపించాలి అని అందులో రాసి ఉండేది. 2025 నవంబర్‌లో దాని బదులు కొత్త కార్మిక కోడ్ వచ్చింది.

కైకిలి_లెక్క
మేస్త్రీకి లైసెన్సా? మా మేస్త్రీకి బండి లైసెన్సే లేదు.

పరకాల_పత్తి
బండి కూడా నాదే.

జగిత్యాల_దుబాయ్
@నెక్కొండ_నాగలి "వాళ్ల సర్కారు లేదా" అంటే నాకు మా అన్న యాదికొచ్చిండు. సౌదీల దమ్మాంల ఉన్నడు నాలుగేండ్లు. కంపెనోడు ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్ కార్డు, రెన్యువల్ చెయ్యలె. పన్ను వాసి దవడ ఇంత లావైతే దవాఖానకు పోలేదు. పోతే కార్డు అడుగుతరు, కార్డు లేకుంటే పట్టుకుంటరని. రూముల ఒక మలయాళీ ఆయన గోలీలు తెచ్చిచ్చిండు. అన్న ఫోన్ల మా అమ్మతోని మాట్లాడలె, నోరు తెరుచుకోలేక. జలుబు అని చెప్పినం అమ్మకు. మా దిక్కు ఇంటికొకలు గట్ల పోయినోళ్లే. అక్కడోళ్లు కూడా గదే అంటరు కావచ్చు, వీళ్లకు వీళ్ల సర్కారు లేదా అని.

నెక్కొండ_నాగలి
గల్ఫ్ ముచ్చట వేరు, ఇది వేరు. అక్కడ సేట్లు, ఇక్కడ నేను. నా దగ్గర ఏముంది?

జగిత్యాల_దుబాయ్
నిన్ను అన్లేదన్నా. యాదికొచ్చింది, చెప్పిన.

నాటు_పాట_లేదు
మా కరీంనగర్ దిక్కు ఇప్పుడు నాట్లు బీహారోళ్లే. మొగోళ్లు పది మంది తాడు పట్టుకొని పొద్దటికి ఎకరాలెకరాలు నాటి పారేస్తరు. మా నాయినమ్మ గట్టు మీద కూసొని "పాట లేని నాటేందిరా" అని తిడ్తది. పోయిన వానకాలం ఒకాయినకు గట్టు మీద కట్లపాము కరిచింది. ఆయిన చిన్నగ గీసుకపోయింది అనుకొని నాటుకుంటనే ఉన్నడు. గంటకు రెప్పలు వాలినయి. మేము ఆయినను వాళ్ల రూముకు తీస్కపోదామని చూస్తే మా నాయినమ్మనే మొత్తుకున్నది, 108 కొట్టుండ్రిరా అని. వచ్చిండ్రు, కార్డడగలె, పేరడిగిన్రు గంతే. పాము మందు ఎక్కిచ్చిన్రు, బతికిండు. 2005 సంది ఉన్నది 108, ఇప్పటికీ బయటి రాష్ట్రం కూలోళ్లకు అది పుకట్ అని తెల్వదు. ఆటోకు రెండు వేలిచ్చి పోతరు.

గోదావరిఖని_గేటు
108 వాళ్లను ఏమన్నా తెలుగులనే పిలవాలె గదా. కూలోడు ఫోన్ చేస్తే ఏ ఊరు అని చెప్తడు? వాళ్లకు మన ఊరు పేరు కూడా తెల్వదు. "పటేల్ చేను" అంటరు. గన్ని పటేల్ల చేన్లు.

తాడ్వాయి_కుర్రోడు
😂 నిజమే. మా దగ్గర గుంపుల పెద్దమనిషి సెల్లుల నేను ఊరు పేరు, పక్క గుడి పేరు, నా నంబరు రాసిపెట్టిన.

మందు_పిచికారి
ఏరేటోళ్ల గురించే మాట్లాడుతున్నరు. మందు కొట్టేటోళ్ల గురించి ఎవలన్న? ముక్కుకు తువ్వాల కట్టుకొని పొద్దంత ట్యాంకు మోసేది కూడా కూలోళ్లే. నాకు ఒకసారి నోట్లకెల్లి నురగ, చెమట, కండ్లు మసక. దవాఖానల మొదట అడిగింది "ఏం మందు?" నాకు తెల్వదు. రైతు పేరు చెప్పిండు, తప్పు పేరు. తర్వాత ఆయిన కొడుకు డబ్బా పట్టుకొని ఉరికొచ్చిండు. డబ్బా చూసినంకనే సరైన ఇంజక్షను మొదలైంది. ఎవలన్న కూలోడు మందుకు పడిపోతే మనిషితోపాటు డబ్బా కూడా బండెక్కియ్యుండ్రి. చేతికి గలీజైతదని పారెయ్యొద్దు.

డ్యూటీ_డాక్టరమ్మ
డబ్బా మాట బంగారం. పురుగుమందుల్లో కొన్నిటికి అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఏదో తెలిస్తేనే మేం ఏం చేయాలో తెలుస్తుంది. ఖాళీ డబ్బాల్లో నీళ్లు పట్టుకుని తాగడం ఈ సీజన్‌లో కూడా చూశాను, మూడుసార్లు కడిగితే పోతుందని నమ్మకం. పోదు.

కైకిలి_లెక్క
@తేజ_మూడెకరాలు మీ చేన్ల నీళ్లు దేంట్ల పడ్తున్నరన్నా?

తేజ_మూడెకరాలు
...ఇప్పుడే పోయి చూసొచ్చిన. నాలుగు డబ్బాలు తీసి పారేసిన. ఇంటికెల్లి బిందెలు పంపిచ్చిన. ఇన్ని రోజులు నా కండ్ల ముంగటనే ఉన్నయి.

మిల్లు_గుమాస్తా
రైస్ మిల్లుల హమాలీ ఒకాయిన, బీహార్. టీబీ. రెండు నెలలు మందులు మింగిండు, దగ్గు ఆగింది, ఇంకో మిల్లుకు పోయిండు, బంద్ చేసిండు. ఆరు నెలల కోర్సు. ఏడాది తర్వాత మళ్ల రక్తం కక్కుకుంట వచ్చిండు. తర్వాత తెలిసిందేందంటే, నిక్షయ్‌ల, అంటే సర్కారు టీబీ ఆన్‌లైన్ లిస్టుల, పేరుంటే దేశంల ఎక్కడికి పోయినా ఆ పేరు మీద మందులు అందియ్యొచ్చు. నెలకు వెయ్యి రూపాయలు కూడా ఖాతల పడ్తయి తిండికి, 2024 నవంబర్ సంది వెయ్యి చేసిన్రు, అంతకుముందు 500. ఆయినకు నంబరున్న చీటి ఇచ్చిన్రు మొదట్ల. దాంతోని బీడీ చుట్టుకున్నడో ఏందో. తప్పు ఆయినదే అనుకున్న మొదట్ల. గని మిల్లు మారేటప్పుడు "నీ మందులు ఎటు మార్చాలె" అని అడిగినోళ్లు లేరు. నేను గుమాస్తాను, బస్తాల లెక్క రాసిన, ఇది రాయలె.

సబ్‌సెంటర్_అక్క
నా దిక్కు కూడా ఒక మాట చెప్త. మా రిజిస్టర్ల ఇంటి నంబరు ప్రకారం పేర్లుంటయి. చేన్ల బరకానికి నంబరుండదు. అందుకని వాళ్లు మా లెక్కల రారు, లెక్కల రాకుంటే ఎవలూ అడగరు. గని పల్స్ పోలియోకు మాత్రం ఇటుక బట్టీలు, చేన్ల గుడిసెలు, బ్రిడ్జి కింద డేరాలు అన్నీ రాసుకొని వెతికి వెతికి వేస్తం. దానికి ప్రత్యేకంగ లిస్టే ఉంటది. ఆ లిస్టు పట్టుకొని పోతే జరం, టీకాలు, కడుపుతోని ఉన్నోళ్లు అన్నీ ఒక్క తిరుగుడుల అయితయి. మా సెంటర్ల ఈ ఏడు మేము అట్లనే చేసినం, పైనుంచి ఎవలు చెప్పలె. సాయంత్రం ఆరింటికి పోతం, కాటా అయిపోయినంక. పొద్దున పోతే ఒక్కలు కూడా సాళ్లల్లకెల్లి బయటికి రారు.

నెక్కొండ_నాగలి
సాయంత్రం వస్తరా? మా ఊర్ల అయితే పన్నెండు దాటితే తాళమే.

సబ్‌సెంటర్_అక్క
అందరూ రారు తమ్మీ. నేను ఒక్కదాన్ని మస్తు మంది తిట్లు తింటున్న.

ఫైలు_నంబర్_17
2020 లాక్‌డౌన్‌ల ములుగు జిల్లా మిర్చి చేలనుంచి బీజాపూర్‌కు నడుచుకుంటూ పోయి, ఇంటికి దగ్గరగా వచ్చాక 12 ఏళ్ల పాప చనిపోయింది, గుర్తుందా? అప్పుడు పేపర్లన్నీ రాశాయి. పన్నెండేళ్ల పిల్ల మిర్చి ఏరడానికి ఎందుకొచ్చిందని ఒక వారం మాట్లాడుకున్నాం.

పరకాల_పత్తి
గుర్తుంది.

తేజ_మూడెకరాలు
ఆశా వచ్చి పోయింది. వైవాక్స్ అంట. మా ఇంటామె వెంబడి పోయింది, కోయ మాట తెలిసిన పక్క చేను ముసలమ్మను తీస్కపోయింది. ఐదో నెల. మొగనికి తెలుసు, మేస్త్రీకి చెప్పలేదట. చెప్తే కడుపుతోని ఉన్నదాన్ని గుంపుల తీసుకోడట. ఆశా డాక్టరు సార్‌తోని ఫోన్ల మాట్లాడి క్లోరోక్విన్ ఒక్కటే ఇచ్చింది. తల్లీబిడ్డ కార్డు రాసిచ్చింది, ఊరు బీజాపూర్ అని పెట్టి కింద నా నంబరు. 900 నేనే కట్టిన, ఆమె లెక్కల రాయొద్దని మేస్త్రీకి చెప్పిన. గోలీలు మింగే మూడు రోజులు పండుకుంటే సగం కూలి ఇస్తనన్న. మేస్త్రీ మొఖం మాడ్చుకున్నడు, మిగతా రైతులు నన్ను తిడ్తరట.

నెక్కొండ_నాగలి
తిడ్తరు. నేను కూడా తిడ్తుంటి. సరే గని మంచిగ చేసినవ్.

డ్యూటీ_డాక్టరమ్మ
ఐదో నెల అంటే స్కానింగ్, రక్తం, టీటీ అన్నీ బాకీ ఉంటాయి. సర్కారు దవాఖానలో గర్భిణికి పరీక్షలు, కాన్పు, బండి అన్నీ ఉచితం. 2011 నుంచి ఉంది ఆ పథకం, ఏ రాష్ట్రం మనిషైనా సరే. ప్రైమాక్విన్ కాన్పు తర్వాత ఎప్పుడు ఇవ్వాలో అక్కడి డాక్టరు చెప్తారు, ఆ మాట కార్డు మీద రాయించండి. లేకపోతే జ్వరం మళ్లీ తిరగబెడుతుంది.

(నాలుగు రోజుల తర్వాత)

తేజ_మూడెకరాలు
మొన్న రాత్రి మేస్త్రీ గుంపును లేపుకపోయిండు. నా చేన్ల ఇంకో కోత ఉంది, అయినా తీస్కపోయిండు. వాజేడు దిక్కు ఎవలో కిలోకు రూపాయి ఎక్కువిస్తనన్నడట. వణుకు తగ్గిందని ముసలమ్మ చెప్పింది. గోలీలు మూడు రోజులు మింగిందట. స్కానింగుకు శుక్రవారం పోదామనుకున్నం. వాజేడు, వెంకటాపురం దిక్కు ఎవలన్న ఉన్నరా ఇక్కడ? నీలం బరకాలు, 18 మంది, ఒక తెల్ల కుక్క వెంబడి ఉంటది.

గోదారి_అవతలి
నేను వాజేడు మండలం. మా ఊరి చివర మొన్న కొత్త గుంపు దిగింది. కుక్కుంది, తెల్లదో కాదో చూడలె. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయకు, లోపలి మెసేజ్ పెట్టు. ఆశా మా వదినెనే. కార్డు ఆ పిల్ల దగ్గరనే ఉంది గదా?

తేజ_మూడెకరాలు
కార్డు నా బండి డిక్కీల ఉంది. శుక్రవారం దవాఖానకు పోయేటప్పుడు కావాలెనని నేనే పెట్టుకున్న.

గోదారి_అవతలి
అయితే పట్టుకొని రా. కాటా అయ్యేది ఆరింటికి, నేను వదినెను తీస్కొని రోడ్డు మీద ఉంట.